చెప్పు జారినా తెలియట్లేదంటే, సూదుల సంగతి తర్వాత

ప్రశ్న: నమస్తే డాక్టరు గారూ. మాది ఖమ్మం. మా అమ్మకి 61 ఏళ్ళు, 12 ఏళ్ళుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు ఇంకో బిళ్ళ వేసుకుంటుంది. ఏడాదిగా అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు, రాత్రిళ్ళు దుప్పటి తగిలినా ఓర్చుకోలేదు. ఈమధ్య నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయినా చూసుకునేదాకా తెలియట్లేదు అంటోంది. మా పిన్ని చెప్తే ఒక ఆక్యుపంక్చర్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. 8 సిట్టింగులు అయ్యాయి. మంట కాస్త తగ్గింది, నిద్ర కూడా పడుతోంది. అక్కడాయన "నరాలు మూసుకుపోయాయి, సూదులతో ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నాయి, ఇంకో 20 సిట్టింగులకి నరాలు కొత్తవాటిలా అయిపోతాయి, షుగరు బిళ్ళలు కూడా మానేయొచ్చు" అంటున్నారు. మా తమ్ముడేమో ఇదంతా మోసం, డబ్బులు దండగ అని గొడవ. అసలు సూదికీ నరాలకీ సంబంధం ఏమైనా ఉందా? కొనసాగించాలా, మానేయాలా?

సమాధానం: అమ్మా, షుగరు బిళ్ళలు మాత్రం ఆపొద్దు. ఆయన మాట విని ఇప్పటికే ఆపేసి ఉంటే, ఇది పక్కన పెట్టి ముందు మీ డాక్టరుకి ఫోన్ చేయండి, ఎన్నాళ్ళు ఆపారో చెప్పి మళ్ళీ మొదలుపెట్టించండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

మీరు అడిగింది సూదుల గురించే గానీ, చదువుతుంటే నన్ను పట్టేసింది మాత్రం ఆ చెప్పు మాట. మంటలూ తిమ్మిర్లూ బాధపెడతాయి కాబట్టి ఇంట్లో అందరికీ తెలుస్తుంది, పిన్ని దాకా వెళ్తుంది, ఎవరో ఒకరు ఎక్కడికో తీసుకెళ్తారు. స్పర్శ పోతే బాధేమీ ఉండదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు, మీరూ మధ్యలో ఎక్కడో ఒక ముక్క రాసి వదిలేశారు. కాలి పుండుతో వచ్చే షుగరు వాళ్ళు నాతో ఎక్కువగా అనే మాట "ఎప్పుడు గుచ్చుకుందో తెలీదండీ" అని. ఒకాయన చెప్పులో గులకరాయితో రోజంతా తిరిగాడు, సాయంత్రం చెప్పు విప్పితే నెత్తురు కనపడిందట, అప్పటిదాకా ఆయనకి తెలియనే తెలియదు. దీని దగ్గరికి మళ్ళీ వస్తాను, ముందు మీ ప్రశ్న చూద్దాం.

"నరాలు మూసుకుపోయాయి" అన్నారు కదా, ఈ గందరగోళంలో సగం మన తెలుగుదే. మనం దేన్ని పడితే దాన్ని నరం అనేస్తాం. సెలైన్ పెట్టేటప్పుడు నర్సమ్మ "నరం దొరకట్లేదు" అంటుంది, అది రక్తం పారే సిర. మెడ తిప్పలేకపోతే "నరం పట్టేసింది" అంటాం, అది చాలాసార్లు కండరం. పిక్కల మీద నీలంగా ఉబ్బి మెలికలు తిరిగేవాటినీ నరాలే అంటాం, అవి కూడా సిరలే. మీ అమ్మగారికి దెబ్బతిన్నది వీటిలో ఏదీ కాదు. స్పర్శనీ నొప్పినీ వేడినీ మెదడుకి మోసుకెళ్ళే నరం, స్కూలు పుస్తకాల్లో నాడి అని రాస్తారే, అది. అందులో రక్తంలాగా ఏదీ పారదు, అందుకని అది మూసుకుపోవడమూ లేదు, తెరుచుకోవడమూ లేదు. కరెంటు తీగ అనుకోండి, కాకపోతే ప్రాణం ఉన్న తీగ. నడుము దగ్గర వెన్నుపాము పక్కన ఉండే ఒక కణం నుంచి కాలి బొటనవేలి చివరిదాకా ఒకే పోగు, ఇంచుమించు మీటరు పొడవు ఉంటుంది. అంత పొడుగు పోగుని పోషించడం ఆ కణానికి మామూలుగానే పెద్ద పని. ఏళ్ళ తరబడి రక్తంలో షుగరు ఎక్కువగా ఉంటే నరానికి రక్తం అందించే సన్నని నాళాలూ పాడవుతాయి, నరం లోపల జరిగే పనులూ దెబ్బతింటాయి, దాంతో చిట్టచివర ముందు ఎండిపోవడం మొదలవుతుంది. సాగర్ ఎడమ కాలువ చివరి పొలాలకి నీళ్ళు అందని సంగతి ఖమ్మం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ జబ్బు ముందు కాలివేళ్ళలో మొదలై, తర్వాత పాదం, అలా సాక్సు వేసుకున్నంత మేర పైకి పాకుతుంది.

ఇక సూది. ఆక్యుపంక్చర్ సూది ఇంజెక్షన్ సూదిలా లోపల బోలుగా ఉండదు, అందులో మందు ఉండదు, పావు మిల్లీమీటరు మందం ఉండే గట్టి స్టీలు తీగ, అంతే. మందే లేనిది ఏం చేస్తుంది అని మీ తమ్ముడు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. నొప్పి విషయంలో అది చేసేది, గుచ్చిన చోట బతికున్న నరాలని కదిలించడం. సూది కండలోకి దిగాక ఆయన దాన్ని వేళ్ళతో కాస్త తిప్పినప్పుడు అమ్మగారికి పైపైన చురుక్కుమనడమే కాకుండా లోపలెక్కడో బరువుగా, లాగినట్టుగా, సలుపుగా అనిపించి ఉంటుంది, అడిగి చూడండి. చైనా వైద్యులు దాన్ని 'దచీ' అంటారు, అది వస్తేనే సూది సరిగ్గా పడినట్టు వాళ్ళ లెక్క. వాళ్ళ సంప్రదాయంలో అది 'చీ' అనే ప్రాణశక్తి వచ్చి అందడం. నరాల డాక్టరుని అడిగితే కండలోపలి సన్నని నరపోగులు, ఎ-డెల్టా, సి అని రెండు రకాలు, మేలుకున్నాయి అంటాడు. 1970ల మొదట్లో చైనా పరిశోధకులే దీన్ని చాలా తేలికగా పరీక్షించారు. సూది వేయబోయే చోట ముందుగా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి లోపలి నరాలని మొద్దుబార్చారు. అప్పుడు ఎంత తిప్పినా ఆ బరువూ రాలేదు, నొప్పీ తగ్గలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మీ అమ్మగారి విషయంలో ఇదే ముఖ్యం.

ఆక్యుపంక్చర్ బొమ్మల్లో ఒంటి మీద గీతలు గీసి ఉంటాయి చూడండి, 14 మెరిడియన్లు, వాటి మీద 361 బిందువులు. శరీరాన్ని కోసి చూస్తే ఆ గీతలకి సరిపోయే దారులేవీ విడిగా కనపడలేదు. కనపడేది ఏంటంటే, చాలా బిందువుల కింద నరాలు. మణికట్టు మడతకి మూడు వేళ్ళ ఎడం పైన, రెండు తాళ్ళలాంటి స్నాయువుల మధ్య, వాంతులకి గుచ్చే బిందువు ఉంది, దాని కింద మీడియన్ నరం ఉంటుంది. మోకాలి చిప్ప కింద కాస్త బయటివైపు జుసాన్లీ అని ఇంకోటి, మీ అమ్మగారికి అక్కడ దాదాపు ఖాయంగా గుచ్చి ఉంటారు. దాని లోపలి నుంచి పాదాన్ని పైకెత్తే నరం పోతుంది.

సరే, నరం కదిలింది, ఆ కబురు వెన్నుపాములోకి చేరింది. అక్కడ ఏమవుతుందన్నదానికి 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ఒక వివరణ ఇచ్చారు. కాలికి గడప తగిలితే మనం గబుక్కున అక్కడ చేత్తో రుద్దుకుంటాం, ఎవరూ నేర్పకుండానే. ఆ రుద్దుడు కబురు లావుపాటి నరాల్లో వేగంగా వచ్చి, వెన్నుపాములో ఒక గేటు లాంటి చోట నొప్పి కబురుకి దారి ఇరుకు చేస్తుంది. సూదికి ఈ వివరణ కొంతవరకే సరిపోతుంది, ఎందుకంటే రుద్దడం ఆపగానే నొప్పి తిరిగొస్తుంది, సూది తీసేశాక మాత్రం కొంతమందికి గంటలు, రోజులు కూడా హాయిగా ఉంటుంది. అంటే రసాయనం ఏదో పనిచేస్తోందన్నమాట.

బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే ఆయన 1970ల మొదట్లో కుందేళ్ళ మీద చేసిన ప్రయోగం నాకు భలే ఇష్టం. సూది ప్రేరణ ఇచ్చిన కుందేలు మెదడు చుట్టూ ఉండే ద్రవాన్ని తీసి, సూదే చూడని ఇంకో కుందేలు మెదడులోకి ఎక్కించాడు. ఆ రెండోదానికీ నొప్పి తగ్గింది! ఆ ద్రవంలో ఏముంది అన్నదానికి 1975లో స్కాట్లండ్‌లో కొంత జవాబు దొరికింది. మన మెదడు నల్లమందు లాంటి పదార్థాలని తనంతట తనే తయారు చేసుకుంటుందని హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనే ఇద్దరు కనుక్కున్నారు. ఎండార్ఫిన్లు అని ఈమధ్య జిమ్ముకెళ్ళే ప్రతివాడూ అంటున్నాడే, ఆ కుటుంబమే. 1977లో మనుషుల మీద చూశారు: పంటికి కరెంటుతో నొప్పి పుట్టించి, చేతికి సూది వేసి తగ్గించారు, తర్వాత నల్లమందు పనిని అడ్డుకునే నాలొక్సోన్ ఇంజెక్షన్ ఇస్తే సూది ఇచ్చిన ఉపశమనం పోయింది. ఆ తర్వాత హాన్ బృందమే ఇంకోటి తేల్చింది. సూదులకి క్లిప్పులు తగిలించి కరెంటు పెడతారు కదా, అది సెకనుకి 2 సార్లు కొడితే మెదడూ వెన్నుపామూ ఒక రకం పదార్థాన్ని, 100 సార్లు కొడితే ఇంకో రకాన్ని వదులుతాయి. కాబట్టి "సూదికీ నరాలకీ సంబంధం ఉందా" అన్న మీ ప్రశ్నకి జవాబు, ఉంది. బాగానే ఉంది.

ఇది చదివి మీ తమ్ముడిని అప్పుడే ఓడించేయకండి, అతని దగ్గరా ముక్కలున్నాయి. 1978లో, అంటే ఆ పంటి ప్రయోగం జరిగిన మరుసటి ఏడే, దంతాలు తీయించుకున్నవాళ్ళకి మందే లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌ని నొప్పి మందు అని చెప్పి ఇచ్చారు. కొందరికి నిజంగానే నొప్పి తగ్గింది. వాళ్ళకి నాలొక్సోన్ ఇస్తే ఆ తగ్గిందీ పోయింది! అంటే నమ్మకం కూడా అదే తలుపు తడుతుంది, నమ్మకానికీ ఎండార్ఫిన్లు వస్తాయి. మరి సూది వాటా ఎంత, నమ్మకం వాటా ఎంత? 2007లో జర్మనీ వాళ్ళు 1,162 మంది నడుము నొప్పి మనుషులని తీసుకుని మూడు జట్లు చేశారు. అసలైన సూదులు వేయించుకున్నవాళ్ళలో 47.6 శాతం మందికి మెరుగైంది. బిందువులు కాని చోట, పైపైన ఉత్తుత్తిగా గుచ్చించుకున్నవాళ్ళలో 44.2 శాతం మందికి. మందులు, ఎక్సర్‌సైజులు వగైరా మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళలో 27.4 శాతం మందికే. ఈ మూడు అంకెలనీ కలిపి చూడాలి, మన ఇళ్ళల్లో గొడవ ఎక్కడొస్తుందంటే సూదులు నచ్చినవాళ్ళు మొదటిదీ మూడోదీ పట్టుకుంటారు, నచ్చనివాళ్ళు మొదటిదీ రెండోదీ పట్టుకుంటారు. తర్వాత ఇలాంటి పరీక్షలన్నీ కలిపి, 20 వేల మందికి పైగా లెక్కలు పోగేసి 2018లో చూసినప్పుడు అసలు సూదికీ ఉత్తుత్తి సూదికీ తేడా ఉందనే తేలింది, కానీ చిన్నదే. నన్నడిగితే, ఎక్కడ గుచ్చాలన్న నియమాలకి ఇచ్చినంత గౌరవం అవసరం లేదు, అలాగని గుచ్చడం వట్టిదీ కాదు. చర్మాన్ని ఏ కొంచెం గుచ్చినా నరాలు ఊరుకోవు కదా, ఉత్తుత్తి సూది కూడా పూర్తిగా ఉత్తుత్తిది కాదు.

మోసం అన్న మాట మాత్రం తొందరపాటే. మన దేశానికి ఇది వచ్చిన దారి కూడా అలాంటిది కాదు. 1938లో యుద్ధంలో ఉన్న చైనాకి సాయంగా మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్ళారు, డాక్టర్ కోట్నిస్ పేరు మీరు వినే ఉంటారు. ఆయనతో వెళ్ళిన కలకత్తా డాక్టరు బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఈ విద్య నేర్చుకొచ్చి ఇక్కడ మొదలుపెట్టారు. అమెరికాకి వెళ్ళిన దారే కాస్త తమాషా. 1971లో జేమ్స్ రెస్టన్ అనే పేరున్న జర్నలిస్టుకి బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ అయింది, మామూలు మత్తు ఇంజెక్షన్‌తోనే. మర్నాడు కడుపు ఉబ్బరంగా ఉంటే దానికి సూదులు వేశారు. ఆయన అలాగే రాశాడు కూడా. జనం నోట్లో పడేసరికి అది "సూదులతోనే ఆపరేషన్ చేసేశారట" అయిపోయింది. "నరాలు కొత్తవైపోతాయి" కూడా అలాంటి సాగదీతే.

ఇప్పుడు అసలు విషయం. అమ్మగారికి మంట తగ్గింది అన్నారు. సంతోషం, నిద్ర పట్టడం ఇంకా సంతోషం. కానీ షుగరు నరాల జబ్బులో మంట తగ్గడానికి రెండు కారణాలు ఉంటాయి. నొప్పి కబురు మెదడుకి తక్కువగా చేరడం ఒకటి, సూదులు చేసేది అదే, కొన్ని బిళ్ళలు చేసేదీ అదే. రెండోది, మంట కబురు పంపే నరమే చచ్చిపోవడం. దెబ్బతిన్న నరం కొన్నాళ్ళు లేనిపోని కబుర్లు పంపుతుంది, అవే ఈ మంటలు, సూదులు గుచ్చినట్టుండడాలు, దుప్పటి తగిలితే ఓర్చుకోలేకపోవడాలు. పూర్తిగా పోయాక నోరు మూసుకుంటుంది. పేషెంటు "తగ్గిపోయిందండీ" అంటాడు, పాదం మాత్రం చెక్కలా అయిపోయి ఉంటుంది. మీ అమ్మగారికి మంట తగ్గడం, చెప్పు జారితే తెలియకపోవడం, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. నా భయం అదే.

అందుకని ఇవాళే ఇంట్లో ఒక పరీక్ష చేయండి, ఖర్చేమీ లేదు. ఇంగ్లండ్‌లో ఇప్స్‌విచ్ అనే ఊళ్ళో డాక్టర్లు తయారుచేసింది. అమ్మగారిని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. ఆమె బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, ఈ మూడింటి కొసల్ని మీ చూపుడువేలితో పువ్వుని తాకినంత తేలిగ్గా ఒకటి రెండు సెకన్లు తాకండి. నొక్కొద్దు, రుద్దొద్దు, రెండోసారి తాకొద్దు. తెలిసినప్పుడు కుడి, ఎడమ అని చెప్పమనండి. రెండు పాదాలకీ కలిపి ఆరు చోట్లు. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే కాపాడే స్పర్శ పోయిందని అనుకుని, ఈ వారంలోనే డాక్టరుకి చూపించాలి. అక్కడ 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగుతో, శృతిదండంతో సరిగ్గా చూస్తారు. చూడకపోతే మీరే అడగండి, మొహమాటం వద్దు. బీపీ చూసి, కాగితం మీద "మూడు నెలల షుగరు" రాసి పంపేసే చోట్ల కాళ్ళు విప్పి చూసే తీరిక ఉండదు.

ఇక్కడే ఇందాక గుర్తుపెట్టుకోమన్న మత్తు ఇంజెక్షన్ సంగతి పనికొస్తుంది. సూది పనిచేయాలంటే కబురు మోసే నరం బతికి ఉండాలి. మొద్దుబారిన పాదంలో గుచ్చితే మోసేదెవరు? పైగా ఆ పాదానికి చిన్న గాయమైనా తెలియదు, త్వరగా మానదు, చీము పడితే కాలు మీదికొస్తుంది. కాబట్టి అక్కడాయనతో ఖచ్చితంగా చెప్పండి, చీలమండ కింద ఒక్క సూది కూడా వద్దని. మోకాలి దగ్గర, చేతులకి వేసుకోమనండి. నొప్పి తగ్గించే కబురు మెదడుకి చేరడానికి అరికాల్లోనే గుచ్చాల్సిన పని లేదు.

నరం బాగుపడదా అంటే, ఒకచోట కాస్త ఆశ ఉంది, అది దాచకుండా చెప్పాలి. మణికట్టు దగ్గర మీడియన్ నరం నలిగిపోయి చేతివేళ్ళు తిమ్మిరెక్కే జబ్బు ఉంది, కార్పల్ టనెల్ అంటారు. 2017లో బోస్టన్‌లో 80 మంది మీద చేసిన అధ్యయనంలో అసలు సూది, ఉత్తుత్తి సూది ఇద్దరికీ బాధ తగ్గింది, కానీ ఆ నరంలో కబురు నడిచే తీరు మెరుగైంది మాత్రం అసలు సూది వేయించుకున్నవాళ్ళకే. మెదడులో వేళ్ళకి సంబంధించిన చోటు కూడా కొంత సర్దుకుంది. ఆసక్తికరమైన విషయమే. కానీ అది ఒకచోట నలిగిన నరం, మీ అమ్మగారిది చివర్ల నుంచి ఎండిపోతున్న నరం, ఆ ఫలితాన్ని తెచ్చి దీనికి అతికించకూడదు. నరం తిరిగి పెరిగినా బాగున్న మనిషిలోనే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు. షుగరు అదుపులో లేని ఒంట్లో అదీ ఉండదు. 20 సిట్టింగులంటే ఎన్ని రోజులో, ఎన్ని మిల్లీమీటర్లో మీరే లెక్కేసుకోండి.

ఎలకల మీద ఇంకా వింతలు చూశారు. 2021లో హార్వర్డ్‌లో చియుఫు మా అనే శాస్త్రవేత్త బృందం ఎలక వెనక్కాలి మీద, ఇందాకటి జుసాన్లీ బిందువు దగ్గర కొద్దిపాటి కరెంటు పెడితే ఒక ప్రత్యేకమైన నరాల జాతి మేలుకుని, మెదడు మీదుగా, అక్కడి నుంచి గుండె, పొట్ట దాకా దిగే వేగస్ నరం ద్వారా, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథిని కదిలించి ఒంట్లో వాపుని తగ్గించింది. పొట్ట మీద అదే కరెంటు పెడితే తగ్గలేదు, అక్కడ ఆ జాతి నరాలు లేవు. బిందువుకి విలువ లేదని ఇందాక కాస్త తేలిక చేశాను కదా, ఈ ప్రయోగం నా మాటకి అడ్డొస్తుంది, ఒప్పుకుంటాను. అయితే అది ఎలకల సంగతి, షుగరు మంటల మీద మనుషుల్లో చేసిన పరీక్షలేమో చిన్నవి, బలహీనమైనవి.

నా సొంత సంగతి ఒకటి. నాలుగేళ్ళ కిందట నా భుజం బిగుసుకుపోయి చొక్కా వేసుకోవడం కూడా కష్టమైతే ఒక స్నేహితుడి దగ్గర ఆరు సార్లు సూదులు వేయించుకున్నాను. రాత్రి నొప్పి తగ్గి నిద్ర పట్టింది. చెయ్యి మాత్రం ఒక్క అంగుళం కూడా పైకి లేవలేదు, అది ఎక్సర్‌సైజులతో ఎనిమిది నెలలకి లేచింది. ఆ నిద్ర సూదుల వల్ల కాదు, అరగంట ఫోన్ లేకుండా పడుకోబెట్టినందుకు అని మా ఆవిడ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఏదైతేనేం, ఆ నిద్ర లేకపోతే ఎక్సర్‌సైజులు చేసే ఓపిక నాకు వచ్చేది కాదు.

కాబట్టి మీ ప్రశ్నకి: సూదులని నొప్పికి వాడుకోండి, జబ్బుకి కాదు. మంటకి డాక్టర్లు రాసే ప్రెగాబలిన్, డులోక్సెటిన్ లాంటివీ నరాన్ని బాగుచేయవు, అవీ కబురుని తగ్గించేవే, పైగా మత్తు, తూలడం లాంటి గొడవలు వాటికుంటాయి. ఆ లెక్కలో సూదులకి ఒక చోటు ఉంది. లెక్క మాత్రం పెట్టుకోండి. ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సలహాల్లో మైగ్రేన్‌కి 5 నుంచి 8 వారాల్లో 10 సార్ల దాకా ప్రయత్నించవచ్చు అని ఉంది, మీకూ ఆ కొలత సరిపోతుంది. 8 అయ్యాయి, ఇంకో రెండు చూడండి. రోజూ పడుకునే ముందు మంట పదికి ఎంతో అమ్మని అడిగి క్యాలెండర్ మీద రాయండి. ఇంకా తగ్గుతూ ఉంటే అప్పుడప్పుడూ వేయించుకోవచ్చు, అక్కడే ఆగిపోతే ఆపేయండి, 20 సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు. ప్రతిసారీ కొత్త సూదుల ప్యాకెట్టు మీ ఎదురుగా చింపాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే బిళ్ళలు వేసుకుంటుంటే ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉంటే కరెంటు వద్దు. ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా గుచ్చనివ్వొద్దు, ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. గుచ్చగానే కళ్ళు తిరిగితే కంగారుపడకండి, కొందరికి వేగస్ నరం అలా చేస్తుంది, పడుకోబెట్టి కాళ్ళు పైకెత్తితే సర్దుకుంటుంది. అందుకే కూర్చోబెట్టి కాకుండా పడుకోబెట్టే వేయించండి, ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు.

జబ్బు సంగతికొస్తే, ముందు బి12 పరీక్ష. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గుతుంది, అది తగ్గినా కాళ్ళ తిమ్మిర్లే వస్తాయి. మీ అమ్మగారి తిమ్మిర్లలో దాని వాటా ఎంతో తెలియకుండా ఏ సూదీ దండగే. తేలితే ఇంజెక్షన్లో బిళ్ళలో ఇస్తారు, సరిదిద్దుకోదగ్గ కారణం అదొక్కటైనా కావచ్చు. మందుల షాపులో "నరాల బిళ్ళలు" అని అడిగి తెచ్చుకుని పరీక్షకి ముందే మింగేయకండి, రిపోర్టు మారిపోతుంది. థైరాయిడ్, కిడ్నీ కూడా చూడమనండి.

కాళ్ళ విషయంలో మాత్రం నేను కాస్త కఠినంగా చెప్తాను. మంటకని వేడినీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు పెట్టడం మన ఇళ్ళల్లో మామూలే, ఇక అది బంద్, నీళ్ళు ఎంత వేడో ఆ కాళ్ళకి తెలియదు. ఎండాకాలం గుడిలో బండల మీద ఉత్త కాళ్ళతో ప్రదక్షిణలు వద్దు. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్తారేమో, వెళ్ళండి, సాక్సులు వేయించండి, రాముడేమీ అనుకోడు. రోజూ రాత్రి అరికాళ్ళూ వేళ్ళ సందులూ మీరే చూడండి. ఆమెకి కనపడకపోవచ్చు, కనపడినా "ఏం లేదులే" అంటారు. ఆనెలని బ్లేడుతో కోయనివ్వొద్దు. ఇంట్లో కూడా చెప్పులు ఉండాల్సిందే, మడమ వెనక పట్టీ ఉండే మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు, జారేవి కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత రిపోర్టులు, బిళ్ళల అట్టలు అన్నీ పట్టుకెళ్తారు కదా, వాటితో పాటు అమ్మగారు ఏడాదిగా వేసుకుంటున్న ఆ చెప్పుల జత కూడా ఒక కవర్లో పెట్టి తీసుకెళ్ళండి. ఎక్కడ అరిగిందో, లోపల ఏం గుచ్చుకుని ఉందో ఆయన్ని తిరగేసి చూడమనండి.